పాత పడవ – పాత టేకు



ముందుగా మా చింతాద్రిపేట పేరు గురించి ఒక మాట. 1734లో, మోర్టన్ పిట్ మద్రాసు గవర్నరుగా ఉన్న రోజుల్లో, కూవం నది వంపులో సుంకురామ అనే వర్తకుడి తోట ఉన్న చోట నేతగాళ్ళ కోసం ఈ పేట వెలిసింది. చిన్న తఱి పేట అన్న తమిళ మాటే వాడుకలో చింతాద్రిపేట అయిందని చెబుతారు. తమిళంలో తఱి అంటే మగ్గం. మన నిఘంటువు తీస్తే తరి అంటే పడవ అని ఉంటుంది. అది బండి ఱ, ఇది మామూలు ర. రెండింటికీ చుట్టరికం లేదు. అయినా అటు తమిళం, ఇటు తెలుగు చెప్పుకొని బతికే పంతులమ్మను కనుక, మగ్గాల పేటలో కాపురం ఉంటూ ఇవాళ పడవ కబురు చెప్పబోతున్నాను.

మా పేటకూ పడవలకూ బొత్తిగా సంబంధం లేదనడానికి వీల్లేదు. 1806లో తవ్వడం మొదలుపెట్టి, దశలు దశలుగా పొడిగించి, 1878లో బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టిన ఆ జలమార్గం పెదగంజాం నుంచి పులికాట్ సరస్సు మీదుగా వచ్చి, చెన్నపట్నంలో మా కూవం నదిని కలిసి, మరక్కాణం దాకా పోతుంది. ఆ కాలువ వెంట ఆంధ్ర తీరం నుంచి బియ్యం, వంటచెరకు వేసుకొని తెరచాప పడవలు పట్నానికి వచ్చేవి. 1965, 66 సంవత్సరాల తుఫానులూ ఆ తరువాత 1976 నాటి తుఫానూ కాలువను దెబ్బతీశాక ఆ రాకపోకలు సన్నగిల్లిపోయాయి. కాలువ పూడిపోయినా పులికాట్ సరస్సు ఉంది. సరస్సు ఒడ్డున తడ దగ్గర భీమునివారిపాళెం ఉంది. అక్కడే మా మేనమామ ఇల్లు, ఆయన పడవ.

ఈ పడవను 1987లో కట్టారు. నేనప్పుడు రెండో తరగతి. ఆ ఏడు మా వీధిలో ఒక పాత మేడ పడగొడుతుంటే మా తాతయ్య అందులోని బర్మా టేకు ద్వారబంధాలు నాలుగు కొని, లారీలో సరస్సు ఒడ్డుకు పంపించాడు. పడవ పలకలకు అక్కడి కలపే వాడారు. పైన కనిపించే చెక్క పని అంతా మాత్రం ఈ టేకుతో చేశారు. పడవ అంచు పొడుగునా రెండు వైపులా బిగించిన పట్టీలు, ముక్కు మీది కప్పు చెక్క, తెరచాప కొయ్య దూర్చే పలక, చుక్కాని పిడి. అంటే చింతాద్రిపేటలో ఎవరి గడప దగ్గరో నిలబడ్డ కొయ్య సరస్సు మీదికి వెళ్ళిందన్నమాట. ఈ అంచుపట్టీలు అలంకారానికి పెట్టినవని చాలామంది అనుకుంటారు. ఒడ్డుకు రాసుకున్నప్పుడు, పక్క పడవ తగిలినప్పుడు దెబ్బ కాసేవి ఇవే. పలకల కొసల్లోకి వాన నీరు దిగకుండా ఆపేవీ ఇవే. ఇవి పాడైతే వీటి వెనక ఉన్న పడవే పాడవుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. 2009 వేసవిలో, బి.ఇడి. పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో, మామయ్య పడవకు మెరుగు పెడదామని బయలుదేరాను. పట్టీలు బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. వాటిని పైపైన గీకి, రెండు డబ్బాల వార్నిషు చిక్కగా పూశాను. పట్టీ వదులైన చోట్ల ఇనుప మేకులు దిగ్గొట్టాను. మేకు తలల మీద రెండు గొట్టాల జిగురు కలిపి పూడ్చాను. సాయంత్రానికి పడవ అద్దంలా మెరిసింది. మామయ్య వచ్చి చూసి, "ఏందమ్మే, పడవకు పట్టుచీర కట్టినావే!" అన్నాడు. ఆ మాటకు ఎన్నాళ్ళు పొంగిపోయానో చెప్పలేను.

2023 వేసవి సెలవుల్లో మళ్ళీ వెళ్ళేటప్పటికి ఆ పట్టుచీర చీలికలు పేలికలుగా వేలాడుతోంది. కుడి వైపు పట్టీ వేలితో నొక్కితే దిగిపోతోంది. మామయ్యకు డెబ్బై ఎనిమిది దాటాయి. బావ ఫైబర్ పడవ కొందామంటున్నాడు. అతని మాటలోనూ న్యాయముంది. ఫైబర్ తేలిక, ఏటా చాకిరీ ఉండదు, దాని మీదే సంసారం నడవాలి. "ఫైబర్ పడవ కొనుక్కోరా, వద్దనను. దీన్ని మాత్రం కట్టెలకింద అమ్మొద్దు" అన్నాడు మామయ్య. ఇంకేమీ మాట్లాడలేదు. నేను మా వీధి చివర తలుపుల పని చేసే ఆచారి గారిని బతిమాలి వెంటబెట్టుకొని వెళ్ళాను. ఆయన దగ్గర ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్న పాఠమే ఇవాళ మీకు అప్పజెబుతున్నాను.

మొదటి సంగతి, తొందర పనికిరాదు. ఎండాకాలంలో సరస్సు నీరు తీస్తుంది కనుక పడవను ఒడ్డుకు లాగడం సులువు. లాగి, దుంగల మీద నిలబెట్టి, పైన తాటాకు పందిరి వేశాం. పట్టీలు ఆరాలి, పడవ అడుగు పలకలు మాత్రం ఎండిపోకూడదు. ఎండితే పలకల సందులు విచ్చుకుంటాయి. అందుకని అడుగు పలకల మీద తడి గోనెలు కప్పి, పై అంచును మాత్రం గాలికి వదిలాం. వారం రోజులు ఏమీ ముట్టుకోలేదు.

రెండో సంగతి, విప్పే ముందు గుర్తులు పెట్టాలి. ఏ ముక్క ఎడమది, ఏది కుడిది, ఏ కొస ముక్కు వైపు, ఏది వెనక వైపు అన్నీ రాసుకోవాలి. బావ కూతురు తొమ్మిదో తరగతి పిల్ల. అది తన నోటు పుస్తకంలో పడవ బొమ్మ గీసి ఒక్కొక్క ముక్కకూ అంకె వేసింది. ఫోనుతో ఫోటోలూ తీసింది. విప్పేటప్పుడు అంతా గుర్తుంటుందనే అనిపిస్తుంది. బిగించేటప్పుడు ఒక్కటీ గుర్తుండదు.

మూడోది విప్పడం. పాత పనివాడు మరలను లోతుగా దించి, తలల మీద చిన్న చిన్న టేకు బిరడాలు దిగ్గొట్టాడు. చూడ్డానికి చెక్కలో పుట్టుమచ్చల్లా ఉంటాయి. ఉలితో వాటిని పెకలించబోతే చుట్టూ ఉన్న చెక్క లేచి వస్తుంది. ఆచారి గారు చూపించిన ఉపాయం వేరు. బిరడా నడిమధ్య సన్నని బెజ్జం వేసి, అందులో ఒక చిన్న మరను తిప్పుతూ పోవాలి. దాని మొన కింద ఉన్న పాత మర తలకు తగలగానే ఇక ముందుకు పోలేదు. ఇంకా తిప్పితే బిరడా తానే పైకి లేచి వస్తుంది. ఆ తరువాత పాత మర తలలోని గాడిని సూదిమొనతో శుభ్రం చేయాలి. గాడికి నిండుగా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. ముందుగా ఒక్క రవ్వ బిగించి చూసి, పట్టు కదిలాక విప్పాలి. మొండికేస్తే కాల్చిన ఇనుప కడ్డీ కొసను మర తల మీద కాసేపు ఆనించాలి. వేడికి మర కాస్త పెరిగి, చల్లారాక పట్టు సడలిస్తుంది.

చెబితే నమ్మరు, 1987 నాటి ఇత్తడి మరలు ముప్పైకి పైగా చాలావరకు మెత్తగా తిరిగి వచ్చాయి. ఆ పనివాడు వాటికి మైనం రాసి దించాడని ఆచారి గారు చేత్తో తడిమి చెప్పారు. ఎవరో, ఎక్కడివాడో తెలియదు. ఎప్పుడో ఒకనాడు ఎవరో విప్పవలసి వస్తుందని ఆయన ఆలోచించాడు.

నేను కొట్టిన మేకులు మాత్రం రాలేదు. ఏడు ఇనుప మేకులు. ఏడూ తుప్పు పట్టి, ఉబ్బి, చుట్టూ చెక్కను నల్లగా చేశాయి. టేకులో ఉండే పసరుకూ ఇనుముకూ తడి తగిలితే ఆ నలుపు పుడుతుంది, క్రమంగా చెక్క బలం పోతుంది. పైన జిగురు రాయిలా గట్టిపడి ఉంది. పట్టీని ఒక కొస నుంచి ఎత్తి లాగితే పొడుగాటి చెక్క మధ్యలో విరిగిపోతుంది. కనుక వెదురు చీలికలను పల్చని చీలలుగా చెక్కి, పొడుగునా అక్కడొకటి అక్కడొకటి పెట్టి, కొద్ది కొద్దిగా కొట్టుకుంటూ పోయాం. సందు కనబడ్డ చోట హాక్సా బ్లేడు దూర్చి మేకులను అడ్డంగా కోశాం. ఇద్దరం రెండు కొసలా పట్టుకొని పట్టీని దించేసరికి సాయంత్రమైంది.

పట్టీ తిప్పి చూస్తే అసలు రంగు బయటపడింది. వెనక భాగాన రెండడుగుల మేర చెక్క చివికిపోయి ఉంది. దాని వెనక పడవ పలక కూడా జానెడు మెత్తబడింది. కారణం వార్నిషే. వార్నిషు చెక్క మీద ఒక పొర. మన ఎండకు ఆ పొర పెళుసెక్కి ఎక్కడో ఒక చోట చిట్లుతుంది. చిట్లిన చోటు నుంచి నీరు లోపలికి పోతుంది. పోయిన నీరు బయటికి రావడానికి మిగతా పొర అడ్డం. నేను పైన మాత్రమే పూసి, వెనకనూ కొసలనూ వదిలేశాను. చెక్క నీటిని ఎక్కువగా తాగేది కొసల నుంచే. మామూలుగా గాలికి వదిలేసిన టేకు బూడిద రంగుకు తిరిగినా లోపల గట్టిగానే ఉంటుంది. దానిలోనే నూనె ఉంటుంది. 1817లో బొంబాయిలో వాడియాలు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీదే ఉంది. అంతటి కొయ్యను పద్నాలుగేళ్ళలో చివికేట్టు చేసింది ఏమీ చేయకుండా వదిలేసిన చేయి కాదు. మెరుగు పెట్టిన చేయి.

అక్కడే ఇంకొకటి కనిపించింది. పట్టీ లోపలి వైపు, ముప్పై ఆరేళ్ళుగా వెలుతురు సోకని చోట, పెన్సిలుతో తమిళ అక్షరాల్లో 'వలదు' అని, పక్కన రెండు అంకె. వలదు అంటే కుడి. ఎడమ పట్టీ వెనక 'ఇడదు' అని ఉంది. బావ కూతురు తన నోటు పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూసుకుంది. దాని అంకెలూ ఆయన అంకెలూ ఒకే వరుసలో ఉన్నాయి.

ఇక మెరుగు పని. చివికిన రెండడుగులూ గట్టి చెక్క తగిలేదాకా కోసేసి, కొత్త టేకు ముక్క అతికారు. అతుకు నిట్టనిలువుగా వేయకుండా ఏటవాలుగా వేయాలి. చెక్క మందం అంగుళమైతే అతుకు వాలు ఎనిమిది అంగుళాలైనా ఉండాలి. అప్పుడే అంచు వంపు తిరిగే చోట అతుకు విడిపోదు. మెత్తబడ్డ పలకనూ అంతమేరకు కోసి మార్చారు.

పాత వార్నిషును గీకుడు రేకుతో చెక్క ఈనె వెంబడే తీయాలి. అడ్డంగా గీకితే ఆ గీతలు ఎన్ని పూతలు పూసినా దాగవు. ఉప్పుకాగితం కూడా ముందు 80 నంబరు, తరువాత 120, 180, చివరికి 220. వరుస తప్పి ఒక నంబరు వదిలేస్తే ముందు కాగితం గీతలు అలాగే నిలిచిపోతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు మనవి చేస్తున్నాను. ఒకటి, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు తొంభై పాళ్ళు మించకూడదన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగులను పొడిగా రుద్ది దుమ్ము లేపకండి. తడి చేసి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పసిపిల్లలను దూరంగా ఉంచండి. రెండోది, అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా ఉంటే నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. ఒక్కొక్క గుడ్డనూ విడదీసి ఆరుబయట ఆరవేయాలి.

వార్నిషా, నూనెా అన్నది ఎవరి ఓపికను బట్టి వారు తేల్చుకోవలసినది. నూనె చెక్కలోకి ఇంకుతుంది, పొరలుగా ఊడదు. అయితే మూడు నాలుగు నెలలకొకసారి మళ్ళీ పట్టించాలి. వార్నిషు అందంగా ఉంటుంది. అయితే పల్చగా ఆరేడు పూతలు వేయాలి. ఏటా చిట్లకముందే ఒకసారి సన్నగా రుద్ది పైన మరో పూత వేయాలి. చిట్లాక పూసేది మురికి మీద పౌడరు అద్దినట్టే. మామయ్య ఇంట్లో ఏటా ఎవరు చేస్తారని అడిగితే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు బావ కూతురే, "అంచులకు నూనె పెడదాం అత్తా, నెల నెలా ఒడ్డుకు నేను ఎట్లాగూ వస్తాను గదా" అంది. కనుక అంచుపట్టీలకు నూనె, నీడ పట్టున ఉండే చుక్కాని పిడికి వార్నిషు అని నిర్ణయమైంది.

టేకులో జిడ్డు ఉంటుంది కనుక వార్నిషు పూసే ముందు పల్చని గుడ్డను థిన్నరులో ముంచి తుడవాలి. లేకపోతే పూత పట్టదు. మొదటి పూతలో వార్నిషూ థిన్నరూ సగం సగం. రెండో దానిలో మూడు పాళ్ళకు ఒక పాలు. మూడోది మొదలు అచ్చమైనదే. మంచు ఆరాక, ఎండ ముదరకముందు, నీడలో పూయాలి. నడి ఎండలో పూస్తే బుడగలు లేస్తాయి. పొద్దుగూకాక పూస్తే తేమ పట్టి మసకబారుతుంది. వెనక వైపు, కొసలు, మరల బెజ్జాల లోపల, అన్ని చోట్లా పూత పడాలి. కనబడని చోట పూసిందే ఎక్కువ కాలం కాపాడుతుంది.

చివరిది బిగించడం. పాత బెజ్జాలను చెక్క చీలలతో పూడ్చి, సన్నగా మళ్ళీ బెజ్జం వేశాం. పట్టీకీ పలకకూ మధ్య నీరు దూరకుండా సుద్దపొడి, అవిసె నూనె కలిపి మెదిపిన లప్పం పల్చగా పరిచాం. ఇనుము మాటే తలపెట్టలేదు. పాత ఇత్తడి మరల్లో మంచివి ఏరి, తక్కువ పడ్డవాటికి కొత్తవి తెచ్చి, మైనం రాసి దించాం. పట్టీలను మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసలకూ బిగించుకుంటూ పోయాం.

మిగిలింది బిరడాలు. నేను అలవాటు కొద్దీ ఆ గట్టి జిగురు గొట్టాలు తీశాను. ఆచారి గారు నా చేతిలోంచి వాటిని తీసుకొని పక్కన పెట్టారు. "బిరడా ఊడకుండా ఉండేదానికి ఒక చుక్క వార్నిషు చాలు టీచరమ్మా. జిగురు వేస్తే రేపు విప్పేవాడు ఏం కావాలి? విప్పేదానికి వీలుగా బిగించేవాడే పనివాడు" అన్నారు. బిరడా ఈనె చెక్క ఈనెతో కలిసేట్టు తిప్పి పెట్టి, చిన్న సుత్తితో తట్టి, పైకి పొడుచుకొచ్చిన భాగాన్ని ఉలితో ఒకేసారి కోయకుండా రెండు మూడు సార్లుగా పల్చగా తీశారు.

శ్రోతలారా! ఇది ఒక్క పడవ సంగతి కాదని మీకు ఈపాటికే తోచి ఉంటుంది. సరిహద్దు ఊళ్ళలో చాలా ఇళ్ళకు పాత టేకు తలుపులు, అరుగు మీద స్తంభాలు, చూరు పలకలు ఉన్నాయి. పండగ వస్తోందంటే మనం వాటి మీద మరో డబ్బా రంగు పూస్తాం, వదులైతే ఒక మేకు కొడతాం. ఈసారి ఆ పని చేసే ముందు ఒక్క పట్టీని విప్పి దాని వెనక వైపు చూడండి. తడి ఉందా, నలుపు ఉందా, సూదిమొన గుచ్చితే దిగుతోందా? అక్కడ కనిపించినదాన్ని బట్టి రంగు సంగతి ఆలోచించండి. బిగించేటప్పుడు మాత్రం, మన తరువాత విప్పే చేయి ఒకటి ఉందని గుర్తుపెట్టుకోండి.

మామయ్య ఇప్పుడు పడవ నడపడం లేదు. బావ ఫైబర్ పడవ కొన్నాడు, వేటకు దాని మీదే పోతాడు. పాతది ఒడ్డున ఉంటుంది. మంచి గాలి ఉన్న ఆదివారాల్లో తెరచాప ఎత్తి ఇరకం దీవి వైపు తీసుకుపోతారు. మామయ్య మధ్యలో కూర్చుని అంచుపట్టీ మీద చేయి వేసుకుంటాడు. దానికి ఇప్పుడు మెరుపు లేదు. నూనె పట్టిన పాత గడపలా ఉంటుంది. పట్టీ బిగించే ముందు బావ కూతురు దాని లోపలి వైపు, ఆ తమిళ అక్షరాల పక్కనే, పెన్సిలుతో తెలుగులో 'కుడి, 2' అని రాసి, కింద 2023 అని వేసింది. ఇంకో ముప్పై ఏళ్ళకు ఎవరు విప్పుతారో, ఏ భాషలో చదువుకుంటారో మనకు తెలియదు. ఏ భాష వచ్చినా ఆ అంకె అర్థమవుతుంది.